దర్జీ అక్క కింది పళ్ళు

ఆ రోజు ఉదయం చిగుళ్ళ డాక్టరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి క్లినిక్‌కి చేరడం, పదింటికి దర్జీ అక్కని కుర్చీలో కూర్చోబెట్టడం, ఆమె కింది వరసలో ముందున్న ఆరు పళ్ళ చుట్టూ చిగుళ్ళ లోతు కొలవడం, ఆ అంకెల్ని మామగారి కళ్ళెదురుగా కాగితం మీద పెట్టించడం. అంతే. పదిన్నరకల్లా అయిపోవాలి. ఆరేళ్ళుగా అతను అనుకున్నదేదీ అనుకున్నట్టు జరగలేదు గనక, ఈసారి అనుకోవడమే కాస్త తక్కువగా అనుకున్నాడు.

అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకుంటుంటే, బడికి పాఠాలు చెప్పడానికి బయల్దేరుతున్న భార్య అతని ముఖం చూసి గుమ్మంలో ఆగింది.

"ఏంటా మొహం? ఇవాళ కొలిచేది నువ్వా, నిన్నా?"

"లోతు తగ్గకపోతే?"

"మూడు నెలల కిందట కొలిచినప్పుడే తగ్గిందన్నావుగా."

"అప్పుడు మీ నాన్న పక్కన లేరు. మీ నాన్న చూస్తే మళ్ళీ పెరుగుతుంది."

ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అతను నవ్వలేదు. అతను చెప్పింది నిజమనుకునే చెప్పాడు.

క్లినిక్ మామగారిది. ముందు జనం కూర్చునే గది, దాని వెనక రెండు గదులు, రెండు కుర్చీలు. మొదటి గదిలో మామగారు పళ్ళు పీకుతారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పీకుతున్నారు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో నడివయసు దాటినవాళ్ళెవరు నోరు తెరిచినా ఎక్కడో ఒక మూల ఆయన పెట్టిన ఖాళీ కనిపిస్తుంది. చెయ్యి తేలిక. "కళ్ళు మూసుకో" అంటారు. మూసి తెరిచేలోగా పన్ను పళ్ళెంలో టంగుమంటుంది. రెండో గది అల్లుడిది. పళ్ళు పీకకుండా నిలబెట్టే చదువు చదువుకుని వచ్చాడు. ఆ చదువు చదివినందుకు అతన్ని చూసి జాలిపడనివాళ్ళు ఆ వీధిలో లేరు.

చిగుళ్ళ జబ్బుతో వచ్చిన చిక్కేమిటంటే అది నొప్పి పెట్టదు. నొప్పి పెట్టనిదాన్ని జబ్బని ఒప్పించడం దేవుడి తరం కూడా కాదు. ఒకాయన తోముకుంటే నెత్తురొస్తోందని వచ్చాడు. నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చి, "తగ్గిపోయింది డాక్టర్! తోముకోవడం మానేశాను" అని సంతోషంగా చెప్పి వెళ్ళాడు. ఇంకొకావిడ పళ్ళకి గట్టిగా పట్టిన గార తీయించుకుని, అద్దంలో చూసుకుని, పళ్ళ మధ్య సందులు కనిపించేసరికి, "నిండుగా ఉండే పళ్ళని అరగదీశావు కదయ్యా" అని కుర్చీలోనే ఏడ్చింది. నిండుగా ఉన్నది పన్ను కాదమ్మా, గార అని అతను చెప్పబోయేలోగా ఆవిడ లేచి పక్క గదిలో మామగారి కుర్చీ ఎక్కేసింది. మరొకతను మాత్రం నాలుగుసార్లూ చెప్పిన టైముకి వచ్చి, శ్రద్ధగా నోరు తెరిచి, "చాలా శుభ్రంగా చేశారండీ" అని మెచ్చుకుని, ఆ శుభ్రమైన పళ్ళన్నీ ఆ శనివారమే పక్క గదిలో పీకించుకున్నాడు.

కిందటి నెల మామగారు టీ తాగుతూ, రొట్టెముక్కని కప్పులో నానబెట్టుకుంటూ, మాట బయటపెట్టారు. ఆయన ఏడాదిగా రొట్టెని నానబెట్టుకునే తింటున్నారు. ఎందుకని అడిగితే రుచి అంటారు.

"రెండో గదిలో కట్టుడు పళ్ళు చేసే బల్ల వేద్దామనుకుంటున్నానయ్యా. నీ కుర్చీ ఎవరికైనా ఇచ్చేద్దాం."

"మరి నేనేం చెయ్యాలి మామగారూ?"

"నా పక్కన నిలబడి పీకడం నేర్చుకో. చేతికి పనొస్తుంది."

కుర్చీ పోతే ఎనిమిదేళ్ళ చదువూ, ఆరేళ్ళ ఓపికా కట్టుడు పళ్ళ బల్ల కిందికి పోయినట్టే. అల్లుడు బతిమాలాడు. చివరికి మామగారు వేలు చూపించి ఒక మాటన్నారు. "నేను పీకాలన్న పన్ను ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నువ్వు గట్టిగా నిలబెట్టి నాకు చూపించు. కుర్చీ ఉంటుంది."

అప్పటికి అతని చేతిలో ఉన్న ఒక్కగానొక్క ఆశ దర్జీ అక్క.

వీధి మొగలో ఆమె కుట్టుమిషను దుకాణం. వయసుతో పనిలేకుండా అందరికీ అక్కే. దారాన్ని పంటితో కొరికి తెంపడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఐదు నెలల కిందట, అప్పటికింకా కుర్చీ మాట రాకముందు, కింది ముందుపళ్ళు ఆరూ వదులైన గుండీల్లా ఊగుతుంటే మామగారి దగ్గరికి వచ్చింది. ఆయన వేలుపెట్టి చూసి, "ఆరూ తీసేద్దాం. పంటితో దారం తెంపడం ఇక మర్చిపోవడమే" అన్నారు. అల్లుడు ఆమెను దాదాపు చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి లాక్కెళ్ళాడు. గీతలున్న సన్నటి పుల్లని పంటికీ చిగురుకీ మధ్య దించి కొలిచాడు. బాగున్న చిగురైతే పుల్ల మూడు గీతలకి మించి దిగదు. ఆమెకి ఆరు, ఏడు, ఏడు దిగింది. దిగిన ప్రతిచోటా నెత్తురు. మత్తు ఇచ్చి, చిగురు అడుగున పంటి వేళ్ళ దాకా పేరుకున్న గారని నాలుగు విడతల్లో తీశాడు. సందుల్లో తిప్పే చిన్న బ్రష్ ఇచ్చాడు. పంటితో దారం కొరకొద్దన్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. రిబ్బనుకి కత్తెర కట్టి మెడలో వేసుకుంది. ఆరేళ్ళలో అతని మాట విన్న మనిషి ఆమె ఒక్కర్తే. అతని భార్యని కలుపుకున్నా ఆ లెక్క మారదు.

అతనికి తెలియనిది ఒకటుంది. ఆ ఉదయం ఎనిమిదింటికే అత్తగారు దర్జీ అక్కకి ఫోన్ చేసింది. క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునేది, చార్టుల్లో అంకెలు వేసేది ఆవిడే. అల్లుడంటే ఆవిడకి ప్రాణం. ఆ రోజు జరిగినదానికంతటికీ ఆ ప్రాణమే మూలం.

"ఏమమ్మా, పదింటికి మర్చిపోకు. ఆయన కూడా పక్కన నిలబడి చూస్తారు. మా అల్లుడి కుర్చీ ఉండేదీ ఊడేదీ ఇవాళ నీ నోట్లోనే ఉంది."

"అయ్యో, నా నోట్లోనా! గట్టిగానే ఉన్నాయి అమ్మగారూ. కాకపోతే గార పోయాక సందులు పడ్డాయి. అద్దంలో చూసుకుంటే మధ్యలోంచి వెలుతురొస్తోంది."

"అదేనే నా భయం! ఆయనకి సందు కనబడితే చాలు, 'అదిగో, పన్ను అరగదీశాడు' అని మొదలుపెడతారు. ఎలాగోలా అవి కనబడకుండా చూసుకో తల్లీ."

"ఎలాగండీ?"

"ఎలాగో నాకేం తెలుసు? నవ్వకు. పెదవి కిందికి దించకు. నీ తెలివి."

చిరుగు కనబడకుండా చెయ్యడం దర్జీ అక్క వృత్తి. ఆ సంగతి అత్తగారు మర్చిపోయింది. గుండీలు కుట్టే దారానికి రాసే తేనెమైనం ముక్క ఒకటి ఆమె మిషను సొరుగులో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని వేళ్ళ మధ్య మెత్తబరిచి, ఐదు సందుల్లోనూ కూరి, గోటితో చదును చేసి, అద్దంలో చూసుకుంది. అతుకు తెలియడం లేదు. డాక్టర్ బాబు పరువు నిలిచిందనుకుంది.

పది అవుతుండగా ఆమె పెదవులు బిగించుకుని క్లినిక్‌లో అడుగుపెట్టింది. మామగారి కోసం నలుగురైదుగురు దవడలు పట్టుకుని అప్పటికే బల్లల మీద కూర్చున్నారు. అత్తగారు ఆమె ముఖం చూసి, ఏదో ఏర్పాటు చేసుకునే వచ్చిందని గ్రహించి, మురిసిపోయి, ఫ్లాస్కులోంచి పొగలు కక్కే టీ పోసిచ్చింది. వద్దనాలంటే నోరు తెరవాలి. తెరిస్తే లోపలున్నది జారుతుందేమోనని భయం. అందుకని దర్జీ అక్క తాగేసింది. రెండో గుక్కకి నోట్లో ఏదో కదిలినట్టయింది. మూడో గుక్కకి అది పళ్ళ మీదంతా పాకింది. కంగారుపడి పక్కనున్న చల్లటి నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగింది. మైనం మళ్ళీ గడ్డకట్టింది. కానీ మొదట ఉన్నచోట కాదు.

కుర్చీలో అడ్డమొస్తుందని మెడలోంచి కత్తెర రిబ్బను తీసి సంచి మీద పెట్టి, ఆ సంచి చంకన పెట్టుకుని రెండో గదిలోకి వెళ్ళబోతుంటే కత్తెర జారి బల్ల మీదే ఉండిపోయింది. అది ఎవరూ చూడలేదు.

"ఎలా ఉందక్కా?" అన్నాడు చిగుళ్ళ డాక్టరు.

"ఊఁ."

"నొప్పి?"

"ఊఁహూఁ."

"రోజూ బ్రష్ తిప్పుతున్నారా సందుల్లో?"

దర్జీ అక్క కళ్ళు పెద్దవి చేసి తల గట్టిగా ఊపింది. మామూలుగా ఆమె మాటలు ఆపాలంటే నోట్లో దూది పెట్టాలి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చేత స్పానర్ పట్టుకుని ఒక మనిషి కనిపించాడు.

"పెద్ద డాక్టర్ గారు పదిన్నరకి రమ్మన్నారండీ. తీసేసే కుర్చీ ఇదేనా?"

"పదిన్నర ఇంకా కాలేదు."

"పర్లేదండీ. బండి బయట పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఎందుకు? నేను కింద నట్లు వదులు చేసుకుంటుంటాను. మీ పని మీరు కానివ్వండి. నేనసలు ఉన్నట్టే ఉండదు."

స్పానర్ మనిషి కుర్చీ కింద చతికిలబడ్డాడు. అంటే మామగారు కొలత చూడకముందే బండి మాట్లాడేశారన్నమాట. చిగుళ్ళ డాక్టరు ముఖాన నెత్తురు చుక్క లేదు. మాస్కు ఉంది గనక ఎవరికీ తెలియలేదు.

మామగారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డారు. వెనకాలే చార్టూ పెన్నూ పట్టుకుని అత్తగారు.

"ఊఁ, తెరువమ్మా" అన్నారు మామగారు.

దర్జీ అక్క నోరు తెరిచింది.

కింది వరసంతా పచ్చగా ఉంది. ఆరు పళ్ళు విడివిడిగా ఉండాల్సిన చోట, గడపకి రాసిన పసుపులా పచ్చటి పూత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరిదాకా సాగి ఉంది. లైటు దాని మీద పడి మెరిసింది.

కుర్చీ కింద స్పానర్ కిర్రుమంది.

"అల్లుడూ," అన్నారు మామగారు మెల్లగా, "ఇన్నాళ్ళూ నువ్వు గార తీశావా, పెంచావా?"

చిగుళ్ళ డాక్టరు లైటు దగ్గరికి లాగాడు. కిందటిసారి కడిగిన ముత్యాల్లా ఉన్న పళ్ళు ఇవేనా? అతను పుల్ల దించబోయాడు. అది దిగలేదు. అతుక్కుంది. లాగితే తీగలా సాగింది. గార సాగదు. అతను చదివిన ఏ పుస్తకంలోనూ సాగే గార లేదు. కొత్త జబ్బేమోనన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. కొత్త జబ్బు కనిపెట్టినా తన ఖర్మకి దానిక్కూడా నొప్పి ఉండదని మరుక్షణమే తోచింది.

"బ్రష్ తిప్పుతున్నానన్నారు కదక్కా!" అన్నాడు.

దర్జీ అక్క జవాబు చెప్పబోయింది. మామగారి వెనకనుంచి అత్తగారు పెదవుల మీద వేలు పెట్టి కళ్ళతోనే వేడుకుంది. దర్జీ అక్క నోరు మూసింది, మళ్ళీ తెరిచింది.

"ఒక్క నిమిషం మామగారూ. పైపైదే అనుకుంటాను. మిషనుతో తీసేస్తాను."

గార తీసే మిషను అతని గదిలో ఉన్న వస్తువుల్లోకల్లా విలువైనది. సన్నటి ఇనుప మొన ఒకటి సెకనుకి వేలసార్లు అదురుతూ, నీళ్ళు చిమ్ముతూ, గారని పెచ్చులుగా రాలగొడుతుంది. మైనాన్ని మాత్రం రాలగొట్టదు, చుట్టుకుంటుంది. మొన తగిలిన రెండు సెకన్లకి కీచుమనే చప్పుడు మూలుగుగా మారింది. నీళ్ళు వచ్చే రంధ్రం పూడిపోయింది. నీళ్ళు వెనక్కి తన్ని, గొట్టం అతుకు దగ్గర ఊడి, చిమ్మనగ్రోవిలా లేచి సూటిగా మామగారి కళ్ళజోడు మీద పడ్డాయి. "అబ్బా!" అని ఆయన వెనక్కి దూకి కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. కింద మూడు నట్లు అప్పటికే ఊడి ఉన్నాయి. కుర్చీ ఒక్కసారిగా తల వైపుకి ఒరిగింది. దర్జీ అక్క కాళ్ళు పైకి లేచాయి. మిషను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

"కదలకండి, కదలకండి! నాలుగోది పట్టుకునే ఉన్నాను!" అని అరిచాడు కింద నుంచి స్పానర్ మనిషి.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆగిపోయిన మిషను మొనకి వేలాడుతున్న పచ్చటి ముద్దని లాగి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన ముఖం రంగు మారింది.

"మైనం!"

ఆయన గొంతు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా రోగుల కేకల మీదుగా వినిపించి వినిపించి తయారైన గొంతు. ముందు గదికీ ఈ గదికీ మధ్యనున్నది పలచటి చెక్క.

"మైనం పెట్టి పళ్ళు గట్టిపరిచావా! ఊగే పళ్ళని మైనంతో అతికించి, నిలబెట్టానని నాకు చూపిస్తావా?"

"మామగారూ, నాకేం తెలియదు—"

అల్లుడి గొంతు మాస్కు దాటి కూడా రాలేదు.

"ఐదు నెలలు! ఐదు నెలల్లో ఇదా నువ్వు చేసింది! చేతకాకపోతే చేతకాలేదని చెప్పు, పడి ఉండనిస్తాను. మోసం ఏంటయ్యా? నా క్లినిక్‌లో, నా కళ్ళ ముందు!"

చిగుళ్ళ డాక్టరు చెయ్యి దించేశాడు. కుర్చీ పోతుందని మాత్రమే అతను భయపడ్డాడు. కుర్చీతో పాటు నిజాయితీపరుడన్న పేరు కూడా పోవచ్చని అతనికి ఆ క్షణం దాకా తెలియదు.

"నేనే పెట్టుకున్నానండీ," అంది దర్జీ అక్క తలకిందులుగా. "డాక్టర్ బాబుకి తెలియదు."

"ఆహా. మాటలు కూడా నేర్పించి తెచ్చావన్నమాట."

"ఆయనెందుకు నేర్పిస్తారు? అమ్మగారు సందులు కనబడకూడదన్నారని..." దర్జీ అక్క నాలుక కరుచుకుంది.

మామగారు వెనక్కి తిరిగారు. అత్తగారు చార్టుని గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆయనకి ఎదురు చెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టాలన్నా ఒక్క వేలూ మడవనక్కర్లేదు.

"నువ్వా?"

"నేనే. నేనే చెప్పాను. సందు కనబడితే చాలు పళ్ళు అరగదీశాడంటారు మీరు. గార పోతే సందు కనబడదూ? వాచిన చిగురు తగ్గితే పన్ను పొడుగ్గా కనబడదూ? ఆరేళ్ళుగా అల్లుడు చెప్తుంటే రాసుకునేదాన్ని నాకే అర్థమైంది. మీకు మాత్రం ఎక్కదు. మైనం పెట్టమని మాత్రం నేను చెప్పలేదు. అది ఆవిడ తెలివి."

"అయితే మైనం తీస్తే పళ్ళు ఊగుతాయి. అంతేగా?" అన్నారు మామగారు.

ఆ మాటకి దర్జీ అక్కకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె ఐదు నెలలు రోజుకి రెండుపూటలా సందు సందునా బ్రష్ తిప్పిన మనిషి. ఒరిగిన కుర్చీలోనే లేచి కూర్చుని, సంచిలోంచి జీన్సు ప్యాంట్లకి వాడే మందపాటి దారం ఉండ బయటికి తీసింది. మూరెడు లాగి, రెండు చూపుడువేళ్ళకి చుట్టి, సందులో దించి, అటూ ఇటూ ఆడించి మైనాన్ని పైకి లాగింది. ఒక సందు అయింది. రెండు. మూడో సందుకి దారం నిండా మైనమే. ఆ మైనం పట్టిన ముక్కని తెంపి పారేద్దామని మెడ దగ్గర తడుముకుంది. కత్తెర లేదు. ముందు గదిలో బల్ల మీద ఉంది.

ఆమె దారాన్ని నోటికెత్తుకుంది.

"కొరకొద్దు!" అని చిగుళ్ళ డాక్టరు కేక పెట్టాడు. ఆరేళ్ళలో ఆ గదిలో అతను గట్టిగా అన్న మొదటి మాట అది.

టప్‌మని తెగింది.

ఒకే ఒక్క కొరుకు. దారం రెండు ముక్కలైంది. దర్జీ అక్క తెగిన కొసని చూసి, అలవాటులో చేసిన తప్పుకి నాలుక కరుచుకుని, "ఈ ఒక్కసారికీ, బాబూ" అంది.

మామగారు తెగిన దారం కొసని చేతిలోకి తీసుకుని చూశారు. మిగిలిన రెండు సందులూ ఆమె శుభ్రం చేసుకునేదాకా ఆగారు. తర్వాత చేతులు కడుక్కుని, తొడుగు వేసుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆమె కింది పళ్ళని ఒక్కొక్కటే పట్టి చూశారు.

"ఇది ఊగేది."

"అవునండీ," అన్నాడు అల్లుడు.

"ఇది ఇంకా ఎక్కువ."

"అవునండీ."

ఆయన మరోసారి గట్టిగా నొక్కి చూశారు. చెయ్యి తీసేసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"కొలువు."

చిగుళ్ళ డాక్టరు పుల్ల తీసుకున్నాడు. అది దిగి మూడో గీత దగ్గరే ఆగింది. "మూడు, రెండు, మూడు," అన్నాడు. "రెండు, రెండు, మూడు. నెత్తురు లేదు." అత్తగారు రాసుకుంది. ఆవిడకి అంకెలు మసకగా కనిపించి రెండు చోట్ల పెన్ను కాగితం దాటిపోయింది. ఆరు పళ్ళూ అయ్యాయి. మూడు దాటలేదు.

మామగారు వంగి కుర్చీ కిందికి చూశారు.

"ఏమయ్యా, నట్లు బిగించు!" అని ఆ గొంతుతోనే అన్నారు.

ఆ రోజు అక్కడితో అయిపోయి ఉంటే చిగుళ్ళ డాక్టరు జీవితంలో ఒక మంచి రోజుండేది.

ముందు గదిలో కూర్చున్న వాళ్ళకి ఇవతలి మాటల్లో మామగారివి మాత్రమే వినబడ్డాయి. అందులోనూ వాళ్ళ చెవికెక్కింది ఇంతే: మైనం పెట్టి పళ్ళు గట్టిపరిచారు, ఐదు నెలలు, నట్లు బిగించు. ఆ తర్వాత తలుపు తెరుచుకుని దర్జీ అక్క వచ్చింది. "ఏమయిందమ్మా, పీకేశారా?" అని ఎవరో అడిగారు. ఆమె నవ్వి, ఎలాగూ ఒకసారి తప్పు జరిగిపోయింది గనక ఇంకోసారికి డాక్టర్ బాబు ఏమీ అనుకోడనుకుని, దారం తీసి వాళ్ళ ముందు మళ్ళీ టప్‌మని కొరికి చూపించింది.

అందరూ లేచి నిలబడ్డారు. ఐదు నిమిషాల తర్వాత రెండో గది గుమ్మంలో తోపులాట మొదలైంది.

"డాక్టర్ గారూ, నాకూ ఆ మైనం వైద్యమే చెయ్యండి," అన్నాడు దవడకి రుమాలు కట్టుకున్న పెద్దాయన. "ఇవాళ రెండు పీకించుకుందామని వచ్చాను. ఇక పీకించుకోను."

చిగుళ్ళ డాక్టరు మాస్కు కిందికి లాగాడు. ఆరేళ్ళుగా ఈ గదిలోకి ఒక్కరైనా తమంతట తాము వస్తారేమోనని ఎదురుచూశాడు. ఇప్పుడు ఐదుగురు వచ్చారు. అతను ఓపిగ్గా, మొదటినుంచీ చెప్పాడు. మైనం వైద్యం కాదని చెప్పాడు. చిగురు కింద గార చేరితే పంటిని పట్టుకున్న ఎముక కరిగిపోతుందని, మత్తు ఇచ్చి అడుగుదాకా శుభ్రం చెయ్యాలని, రోజూ సందుల్లో బ్రష్ తిప్పుకోవాలని, తిప్పుకున్నన్నాళ్ళే నిలుస్తాయని చెప్పాడు. చిగుళ్ళ బొమ్మ తెచ్చి చూపించాడు. వాళ్ళు కళ్ళార్పకుండా విన్నారు.

"అదంతా సరే బాబూ," అంది బుగ్గ వాచిన ఒకావిడ. "మైనం మొదటిరోజే పెడతారా, ఆఖరున పెడతారా?"

"మైనం లేదమ్మా."

"అయిపోయిందా? మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"నాకు మాత్రం నట్లు కూడా బిగించాలండీ," అన్నాడు పెద్దాయన. "నావి బాగా వదులు."

కుర్చీ కింద నాలుగో నట్టు బిగిస్తున్న స్పానర్ మనిషి తల బయటపెట్టి, "తోముకుంటే నాకూ నెత్తురొస్తుందండీ. ఈ పనికి నాకేమీ ఇవ్వొద్దు, కాస్త మైనం పెట్టండి చాలు" అన్నాడు.

చిగుళ్ళ డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు. ఒక్కరు నమ్మితే చాలనుకున్నవాడికి వీధి వీధంతా నమ్మింది. ఒక్క ముక్క కూడా సరిగ్గా నమ్మలేదు. అత్తగారు మాత్రం ఒక్కొక్కరి పేరూ రాసుకుని, అందరికీ రోజులు ఇచ్చి, "మైనం సంగతి లోపలికొచ్చాక చూద్దురు గాని" అని పంపించేసింది. దర్జీ అక్క బల్ల మీది కత్తెర మెడలో వేసుకుని, ఎవరికైనా మైనం కావాలంటే తన దుకాణంలో మంచిది ఉందని చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి క్లినిక్ ఖాళీ అయింది. మొదటి గదిలో ఆ రోజు ఒక్క పన్నూ టంగుమనలేదు. మామగారు వీధి తలుపు గడియ పెట్టి, రెండో గదిలోకి వచ్చి, కుర్చీ గట్టిగా ఉందో లేదో ఒకసారి ఊపి చూసి, ఎక్కి కూర్చున్నారు.

"లైటు వెయ్యి," అన్నారు పైకప్పు చూస్తూ. "ఊరికే. నీ పుల్ల ఎలా పనిచేస్తుందో చూద్దామని."

అల్లుడు లైటు వేశాడు. అత్తగారు అడక్కుండానే కొత్త చార్టు తీసింది. మామగారు నోరు తెరిచారు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ నోట్లోకి మరొకరు చూడటం అదే మొదలు.

"ఏడు," అన్నాడు అల్లుడు చిన్నగా. "ఎనిమిది. ఏడు. నెత్తురు." కొంచెం ఆగి, "ఇది ఊగుతోంది," అన్నాడు. అత్తగారి పెన్ను ఆగకుండా కదిలింది. రొట్టె నానబెట్టుకోవడంలోని రుచేమిటో ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు.

కొలవడం అయ్యాక మామగారు నోరు తుడుచుకున్నారు.

"నాకు నొప్పి లేదయ్యా."

"నొప్పి ఉండదు మామగారూ."

"అందరికీ ఇదే చెప్తావు."

"అందరికీ ఇదే."

"పీకేస్తే?"

"పీకేది మీరొక్కరే కదండీ. మీవి ఎవరు పీకుతారు?"

మామగారు నాలుకతో పళ్ళు తడుముకున్నారు. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాలుగు విడతలు. తర్వాత ఆరు నెలలు కనిపెట్టుకుని చూడాలి. రోజూ రెండుపూటలా సందుల్లో బ్రష్. ఆ తర్వాత కూడా మానకూడదు."

ఆయన పళ్ళెం వైపు చూశారు. పొద్దున మిషను మొన నుంచి లాగిన పచ్చటి ముద్ద ఇంకా అక్కడే ఉంది. గొంతు బాగా తగ్గించి, ఆ చెక్క గోడకి కూడా వినబడనంత మెల్లగా అడిగారు.

"పోనీ, ఈలోగా పైపైన ఆ మైనం కాస్త పెడితే ఏమవుతుంది?"

చిగుళ్ళ డాక్టరు ఆ ప్రశ్న కూడా చార్టులో రాయమని చెప్పబోయాడు. అత్తగారు అప్పటికే రాసేసింది.